తెరచిన ద్వారమునకు కావలి



హృదయమును అన్నిటికంటె భద్రముగా కాచుకొనవలెనని సామెతల గ్రంథకర్త మనలను హెచ్చరించుచున్నాడు. అయితే దప్పిగొన్నవానికి నీళ్లియ్యవలెననియు, పరదేశికి తలుపు తీయవలెననియు అదే పరిశుద్ధ గ్రంథము మనకు బోధించుచున్నది. మొదటి మాట మూయుమన్నట్టున్నది, రెండవది తెరవుమన్నట్టున్నది. ఈ రెండు ఆజ్ఞలును ఒక్క మనుష్యునియందు, ఒక్క కుటుంబమునందు, ఒక్క సంఘమునందు ఎట్లు నెరవేరును? మిక్కిలి తెరచినయెడల చెడుగు లోపలికి వచ్చును. మిక్కిలి మూసినయెడల ప్రేమ చచ్చిపోవును. ఈ చిక్కులో పడని విశ్వాసి లేడు. నేను కూడ పడితిని, పడి తప్పితిని. ఆ సంగతి తరువాత చెప్పెదను.

ఈ ప్రశ్నను గూర్చి నాకు వెలుగిచ్చినది ఒక మిక్కిలి చిన్న వస్తువు. అది కంటికి కనబడనిది. అయినను ఈ మాటలు చదువుచున్న మీ దేహములో ఈ క్షణమున కోటానుకోట్లుగా పనిచేయుచున్నది. అది జీవకణమునకు నీటి ద్వారము.

మన దేహమంతయు జీవకణములతో కట్టబడినది. ప్రతి కణము చుట్టును పలుచని పొర యొకటి కలదు. అది కొవ్వుజాతి పదార్థముతో చేయబడినది. 1925వ సంవత్సరమున నెదర్లాండ్సు దేశస్థులైన గోర్టర్, గ్రెండెల్ అను ఇద్దరు శాస్త్రజ్ఞులు ఎర్ర రక్తకణముల నుండి ఆ కొవ్వును తీసి, నీటిమీద పలుచగా పరచి కొలిచిరి. అది కణముల పైభాగపు వైశాల్యమునకు రెట్టింపు వచ్చెను. కాబట్టి ఆ కొవ్వు రెండు వరుసలుగా అమరియున్నదని వారు గ్రహించిరి. ఇంటికి లోపల గోడ, వెలుపల గోడ యున్నట్టు అన్నమాట.

ఇప్పుడు ఆలోచించుడి. నూనె, నీరు కలియవని మన యింటి వంటపాత్రలే సాక్ష్యమిచ్చును. కణము చుట్టును కొవ్వు గోడ యున్నయెడల, లోపలికి నీరెట్లు పోవును? వెలుపలికెట్లు వచ్చును? కొంత నీరు ఆ గోడ గుండనే మెల్లగా ఊరి దాటునన్నది నిజమే. చాల కాలము వరకు అంతమాత్రమే చాలునని అనేక పండితులు తలంచిరి. కాని ఎర్ర రక్తకణములలోను, మూత్రపిండములలోను నీరు దాటు వేగము ఆ ఊటతో పోల్చదగినది కాదు. మూత్రపిండములు ఒక్క దినములో రమారమి 180 లీటర్ల ద్రవమును వడియగట్టును. అందులో మనము విసర్జించునది సుమారు లీటరున్నర మాత్రమే. తక్కినదంతయు మరల రక్తములోనికి చేరవలెను. గోడ చెమ్మగిల్లుటచేత ఇంత నీరు దాటునా?

1970లో మేసీ, ఫార్మర్ అను పరిశోధకులు ఒక వింతను ప్రకటించిరి. ఎర్ర రక్తకణములకు పాదరసముతో కూడిన కొన్ని పదార్థములను తగిలించినప్పుడు నీటి రాకపోకలు మిక్కిలి తగ్గిపోయెను. పాదరసమును పట్టి లాగివేయు మరియొక మందు వేసినప్పుడు, నీరు మునుపటివలె దాటసాగెను. గోడకు తాళము పడదు గదా! తాళము పడెననగా అచ్చట తలుపు ఉన్నదన్నమాటే. అయినను ఆ తలుపును పట్టి చూపినవారు అప్పటికి లేరు.

1986లో రుమేనియా దేశమందలి క్లూజ్ నగరములో ఘియోర్ఘే బెంగా అను ఆచార్యుడును, ఆయన తోటివారును ఆ పాదరసమునకే అణుధార్మిక గుర్తు తగిలించి, అది కణపొరలోని ఏ మాంసకృత్తులకు అంటుకొనుచున్నదో పరీక్షించి ప్రకటించిరి. ఆ తరువాత అమెరికాలోని బాల్టిమోరు నగరమున, జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయములో పీటర్ ఆగ్రే అను వైద్యునికి ఆ ద్వారము ఒక విచిత్రమైన రీతిగా దొరికెను. ఈయన మినియాపొలిసు నగరమందలి ఆగ్స్‌బర్గ్ అను లూథరన్ కళాశాలలో చదివినవాడు. ఆయన తండ్రి అక్కడనే రసాయనశాస్త్రము బోధించెను.

ఆగ్రే నీటి ద్వారమును వెదకలేదు. ఆయన వెదకినది రక్తములోని ఆర్‌హెచ్ అను గుర్తునకు కారణమైన మాంసకృత్తును. దానిని శుద్ధిచేయుచుండగా, 28 వేల అణుభారము గల మరియొక మాంసకృత్తు పదేపదే అడ్డు వచ్చెను. అది మొదట తాము వెదకుచున్నదాని ముక్క యేమో అనుకొనిరి. కాదని తేలెను. మరియొకరైతే దానిని మలినమని పారవేసి తమ పని చూచుకొందురు. ఆయన అట్లు చేయక, ఇది ఏమైయుండును, ఎర్ర రక్తకణములలోను మూత్రపిండములలోను ఇంత సమృద్ధిగా ఏల యున్నది అని తెలిసినవారిని అడుగుచు తిరిగెను. ఆయనకు పూర్వము గురుతుల్యుడైన జాన్ పార్కర్ అను వైద్యుడు, అనేకులు చాలకాలముగా ఎదురుచూచుచున్న నీటి ద్వారము ఇదేనేమో చూడుమనెను.

1992లో ఆగ్రేయు, ఆయన తోటి పరిశోధకులును దానిని కప్పగ్రుడ్లతో పరీక్షించి ఫలితమును ప్రకటించిరి. కప్ప మంచినీటిలో గ్రుడ్లు పెట్టును గదా. ఆ గ్రుడ్లలోనికి నీరు సులభముగా చొరబడదు. వాటిలో కొన్నిటియందు ఈ మాంసకృత్తును తయారుచేయు ఆజ్ఞాపత్రము వంటి పదార్థమును ప్రవేశపెట్టి, కొన్ని దినములు ఆగి, ఉప్పు మిక్కిలి తక్కువైన నీటిలో వేసిరి. మామూలు గ్రుడ్లు ఎట్లున్నవట్లే యుండెను. ద్వారము గల గ్రుడ్లో, కొద్ది నిమిషములలో ఉబ్బి పగిలిపోయెను. ఇక సందేహము లేకపోయెను. ఆ ద్వారమునకు ఆక్వాపోరిన్ అని, అనగా నీటి రంధ్రమని పేరు పెట్టిరి. 2003లో ఆగ్రేకు రసాయనశాస్త్రమందు నోబెల్ బహుమానము లభించెను. లవణకణముల ద్వారములను పరిశోధించిన రోడరిక్ మెకినన్ దానిలో పాలివాడాయెను. బెంగాకు కూడ పాలు ఉండవలసినదని వాదించినవారు అనేకులు కలరు. ఆ తగవు తీర్చుట నా పని కాదు. ద్వారము మాత్రము ఎవరి పేరును ఎరుగక, తన పని తాను చేయుచునే యున్నది.

2000వ సంవత్సరమున దాని ఆకారము కొంత స్పష్టముగా తెలియవచ్చెను. బుడబుక్కలవాని చేతిలోని డమరుకమువలె అది రెండు చివరల వెడల్పు, నడుమ సన్నము. నాలుగేసి మాంసకృత్తులు ఒక గుంపుగా కూడి నిలుచును. నాలుగింటికి నాలుగు వేర్వేరు దారులు. సెంటీమీటరును పది కోట్ల భాగములు చేసినయెడల, అట్టి మూడు భాగములంత వెడల్పు మాత్రమే ఆ దారిలోని ఇరుకుచోటు. అచ్చట నీటి అణువులు పక్కపక్కన పోజాలవు. ఒకదాని వెనుక ఒకటి వరుసగా పోవలెను. ఇంత ఇరుకైనను, ఒక్క దారిలో ఒక్క సెకనుకు సుమారు మూడు వందల కోట్ల అణువులు దాటిపోవును!

ఇప్పుడు నా ప్రశ్నకు దగ్గరగా వచ్చితిమి. ఇంత వేగముగా నీటిని పోనిచ్చు ద్వారము, నీటితోకూడ మరి దేనిని పోనిచ్చుచున్నది?

ప్రోటాను అను ఒక మిక్కిలి సూక్ష్మకణమున్నది. అది ఉదజని పరమాణువు యొక్క నడిగింజ. నీటిలో అది ఒంటరిగా నిలువదు. ఒక నీటి అణువును ఆనుకొని, అచ్చటనుండి ప్రక్కదానికి, ప్రక్కదానినుండి ఆ ప్రక్కదానికి దుముకుచు పోవును. ఇల్లు కాలుచున్నప్పుడు జనులు బావి మొదలుకొని ఇంటివరకు వరుసగా నిలిచి, ఎవరి చోట వారుండియే కడవను చేతినుండి చేతికి అందించినట్లు అది సాగును. నీటి అణువులు వరుసగా నిలుచు సన్నని దారి దానికి రాజమార్గము కావలసినది. అట్లు ప్రోటానులు విచ్చలవిడిగా కారిపోయినయెడల, కణము తన శక్తిని కూర్చుకొను ఏర్పాటు చెడిపోవును. ఆనకట్ట తెగినచో మరయంత్రము తిరుగునా?

అయినను ఈ ద్వారములో ప్రోటానులు దాటవు. నీరు పోవును, ప్రోటాను ఆగును. ఏలాగున? అది పెద్దదని కాదు. పరిమాణమును బట్టి చూచినయెడల దానిని మోయు నీటి అణువు తక్కిన నీటి అణువులవంటిదే. దారి నడుమ ఒక చోటను, ఇరుకుచోట మరియొక చోటను విద్యుత్తు గుణము గల భాగములు అమరియున్నవి. వాటి గుణము ప్రోటాను గుణము వంటిదగుటచేత దానిని వెనుకకు నెట్టును. అంతేకాక నడిచోటికి వచ్చిన ప్రతి నీటి అణువును రెండు చేతులతో పట్టి త్రిప్పినట్లు ప్రక్కకు తిరుగును. వరుసలోని చేతులు అక్కడ అందవు. కడవ ఆగిపోవును. నీటి అణువు మాత్రము ఆగదు.

ఈ సంగతిని మొదట చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఏల యనగా, తెరచుట, కాచుట అను రెండును ఒకదానికొకటి విరోధములని నేను అంతవరకు తలంచితిని. తెరచినంత మేర కావలి తగ్గుననియు, కావలి పెరిగినంత మేర తలుపు మూయవలెననియు ఎంచితిని. ఇక్కడనో, సృష్టికర్త చేతిపనిలో, పూర్తిగా తెరచిన ద్వారమునకే పూర్తియైన కావలి యున్నది! ఇది నిజమైనప్పుడు, మా సంఘములో నేను చేసిన పనికి నేను చెప్పుకొనిన సమాధానము ఏమగును?

ఆ సంగతి వినుడి. కొన్ని సంవత్సరముల క్రిందట వేసవిలో మా ప్రాంతమున బావులు, బోర్లు ఎండిపోయెను. దేవుని దయవలన మా ఆలయ ఆవరణలోని పాత బావి మాత్రము ఎండలేదు. రోడ్డుకు ఆవలి పేటనుండి జనులు బిందెలతో రాసాగిరి. ఆవరణమంతయు బురదయాయెను. చేద తాడు ఒకటి పోయెను. ఆదివారము ఉదయమున ఆరాధనకు వచ్చినవారి బట్టలకు బురద అంటెనని కొందరు సణిగిరి. సంఘపు పెద్దలు కూడి, గేటుకు తాళము వేయవలెనని తీర్మానించిరి. ఆ తీర్మానమును పుస్తకములో వ్రాసినది నేను. తాళపుచెవి ఉంచుకొన్నదియు నేనే.

నాలుగు దినములైన తరువాత మిట్టమధ్యాహ్నమున ఒక ముసలమ్మ బిందె పట్టుకొని గేటు ఎదుట నిలిచెను.

“అయ్యగారూ, ఒక్క బిందె తోడుకోనీండి. ఇంట్లో పసిబిడ్డకు జ్వరం,” అనెను.

“కమిటీ తీర్మానం అవ్వా. నా చేతిలో ఏమీ లేదు,” అంటిని.

తాళపుచెవి నా చేతిలోనే యున్నది.

ఆమె వాదింపలేదు. “మంచిదయ్యా,” అని ఆ ఎండలోనే వెనుకకు తిరిగి పోయెను. మరల రాలేదు.

ఇందులో నన్ను మిక్కిలి గుచ్చునది మరియొకటి కలదు. మన తాతముత్తాతలలో అనేకులు ఊరబావి గట్టు ఎక్కకూడని వారై, దూరమున కడవ పెట్టుకొని, ఎవరైన జాలిపడి పోయుదురా యని ఎదురుచూచినవారు. బావులు, చెరువులు వాడుకొనుటలో కులమును బట్టి ఎవరిని అడ్డగింపరాదని 1950లో అమలునకు వచ్చిన మన రాజ్యాంగము శాసించినది. అంతకు పూర్వమే సువార్త మనకు ఆ సంగతి చెప్పియున్నది. సుఖారు ఊరి యొద్ద యాకోబు బావి దగ్గర ప్రభువు, తన జనులు సాంగత్యము చేయని సమరయ స్త్రీని నీళ్లడిగెను. ఆ కథను నేను ఎన్నిసార్లు ప్రసంగించితినో! నీళ్లడుగ వచ్చినవారికి తాళము వేసిన చేతితోనే ఆ పేజీని త్రిప్పితిని.

అదే వేసవిలో మా సంఘములో రెండు కుటుంబముల మధ్య ఒక పదవిని గూర్చిన పగ పుట్టి, పెరిగి, ప్రభువు బల్ల వరకు వచ్చెను. ఒకరు వచ్చిన దినమున మరియొకరు బల్లకు రారు. దానికి తాళము వేయవలెనని తీర్మానము వ్రాసినవారు లేరు. అది నోటినుండి చెవికి, చెవినుండి నోటికి, ఆ ప్రోటాను దుమికినట్లు వరుస వెంబడి పోయెను. మేమందరము దానికి దారియిచ్చితిమి. నీటిని ఆపితిమి, విషమును దాటనిచ్చితిమి! ఈ చిన్న మాంసకృత్తు చేయుచున్న పనికి ఇది సరిగా తలక్రిందు పని గదా?

కాబట్టి మొదటి సంగతి ఇది. కాచుకొనుమని దేవుడు చెప్పినది మనుష్యులనుండి కాదు, చెడుగునుండి. మనుష్యుని వెలుపలనుండి వచ్చునది వానిని అపవిత్రపరచదనియు, లోపలి హృదయమునుండి బయలువెళ్లునదియే అపవిత్రపరచుననియు ప్రభువు మార్కు సువార్త 7వ అధ్యాయములో తేటగా బోధించెను. మనమైతే మనిషిని చూచి, వాని పేటను చూచి, వాని బట్టను చూచి గేటు మూయుదుము. అసూయయు కొండెమును మంచి బట్టలు కట్టుకొని వచ్చినప్పుడు కుర్చీ వేయుదుము. ద్వారమువద్ద కావలి యుండవలెను. కాని ఆ కావలి ఎవరిని ఆపుటకో కాదు, దేనిని ఆపుటకో ఎరిగియుండవలెను.

ఇచ్చట ఒకరు నన్ను అడుగవచ్చును: “అయితే తాళమే పాపమా? నీరు తక్కువైనప్పుడు ఏర్పాటు లేకయున్న అందరును చత్తురు గదా?” ఇది న్యాయమైన ప్రశ్న. మొక్కల వేళ్లలో కూడ ఈ నీటి ద్వారములు కలవు. వాటిలో కొన్ని కరవు వచ్చినప్పుడు మూసికొనును. వరదలో వేళ్లు మునిగి ఊపిరాడనప్పుడును మూసికొనును. కావున ద్వారమును వేళనుబట్టి మూయుట సృష్టికి విరోధము కాదు. అయితే మొక్క తన ద్వారమును ప్రాణము కాపాడుటకు మూయును. మేము మూసినది దేనికి? మా బావిలో నీరు తగ్గలేదు. ఆ తాళము నీటిని కాపాడలేదు; మా బట్టలను, మా విసుగును కాపాడెను. తాళము వేయుటకు ముందు, ఇది ప్రాణమును కాచుచున్నదా, నా సౌఖ్యమును కాచుచున్నదా యని ఎవరికి వారు దేవుని యెదుట అడుగుకొనవలెను. ఆ ప్రశ్న అడిగియుంటినేని నేను ఆ తీర్మానమును వ్రాసియుండను.

రెండవ సంగతి. ఈ ద్వారము నీటిని నెట్టదు, లాగదు. ఇందునకై అది కణముయొక్క శక్తిని ఒక్క రవ్వంతయు ఖర్చుచేయదు. ఉప్పు మొదలగునవి ఎక్కువైన వైపునకు, అనగా నీటి అక్కర యెక్కువైన వైపునకు, నీరు తానే పోవును. లోపల అక్కరయైన లోపలికి, వెలుపల అక్కరయైన వెలుపలికి; ద్వారము రెండు వైపులకును సమానమే. అంతేకాదు, ఆ దారి గోడలలో ఎక్కువ భాగము నీటిని అంటుకొననివి. అక్కడక్కడ మాత్రమే నీటికి చేయి అందించునవి. పట్టుకొని తన దగ్గర ఉంచుకొన్నయెడల అంత వేగముగా దాటింపలేదు. ఇచ్చునప్పుడు మనము సాధారణముగా రెండు తప్పులు చేయుదుము. నేను ఇచ్చుచున్నానని నెట్టుదుము. లేక, నాకు కొంత మిగులునా యని పట్టుకొందుము. నీరు మనది కాదు. బావిని త్రవ్వినవాడు కూడ ఊటను చేయలేదు. దేవుని కృప అక్కరవైపునకు తానే ప్రవహించును. మన పని దారి విడుచుటయే.

మూడవ సంగతి పాదరసమును గూర్చినది. అన్ని నీటి ద్వారములును పాదరసమునకు లొంగవు. ఎర్ర రక్తకణమందలి ద్వారము లొంగును. దాని ఇరుకుచోటి దగ్గర ఉన్న ఒక్క భాగమునకు పాదరసము అంటుకొనగానే దారి మూసికొనిపోవును. ద్వారము విరిగిపోలేదు, ఎక్కడికిని పోలేదు. గొంతులో ముల్లు పడినట్లు ఒక్కటి పట్టుకొన్నది, అంతే. దానిని తీసివేయగానే నీరు మరల నడచును. మనలో అనేకుల స్థితి ఇదియే. ప్రార్థనయు, వాక్యమును, వరములును ఉన్నవి. అయినను మన గుండ ఎవరికిని ఆదరణ పోవుటలేదు. ఎప్పుడో ఎవరో అన్న ఒక్క మాట గొంతులో నిలిచిపోయినది. అబ్రాహాము త్రవ్వించిన బావులను ఫిలిష్తీయులు మన్ను పోసి పూడ్చినప్పుడు ఇస్సాకు వాటిని తిరిగి త్రవ్వించెను. అడుగున ఊట చావలేదు. క్షమించుట యనునది ఆ పూడిక తీయుటయే.

నాలుగవ సంగతి. ఒక ద్వారము సెకనుకు మూడు వందల కోట్ల అణువులను దాటించునని వింటిమి. ఇది మహా గొప్పగా కనబడును. కాని ఒక్క ద్వారము ఒంటరిగా పనిచేసినయెడల, 18 గ్రాముల నీటిని, అనగా ఒక్క గ్రుక్కెడు నీటిని దాటించుటకు దానికి 60 లక్షల సంవత్సరములకు పైగా పట్టును! నమ్మనివారు లెక్కవేసి చూచుకొనవచ్చును. మరి మనము బ్రదుకుచున్నదెట్లు? ఒక్క ఎర్ర రక్తకణముమీదనే ఇట్టి ద్వారములు సుమారు రెండు లక్షలు కలవు. కావున, నా యొక్కని దయవలన లోకము మారునా యని అనువాడు లెక్క తెలిసినవాడే, కాని సగము లెక్కయే చేసినవాడు. ఒక్కనివలన గ్రుక్కెడు నీరైనను దాటదు. ఆ ఒక్కడు, ఆ ఒక్కడు కూడి నిలిచినప్పుడు దేహము బ్రదుకును. గిన్నెడు చన్నీళ్లిచ్చినవాని ఫలము పోదని ప్రభువు చెప్పినది ఇందుకే కాబోలు.

అయిదవ సంగతిని చెప్పి ముగించెదను. మూత్రపిండములలోని ఒక జాతి ద్వారములు ఎల్లప్పుడును గోడలో ఉండవు. అవి కణము లోపల చిన్న సంచులలో సిద్ధముగా నుండును. దేహములో నీరు తగ్గినప్పుడు మెదడునుండి ఒక రస సందేశము రక్తములో వచ్చును. అప్పుడా సంచులు గోడకు చేరి, ద్వారములు తమ తమ చోట్ల నిలిచి, పోవలసిన నీటిని మరల రక్తములోనికి చేర్చును. కొందరిలో పుట్టుకతోనే ఈ ద్వారముల నిర్మాణమున లోపముండును. వారు దినమునకు పది లీటర్లకు మించి మూత్రము పోయుచు, తీరని దప్పితో బాధపడుదురు. వారిలో కొందరి యందు ద్వారము చేయబడుచునే యున్నది. కాని అది గోడను చేరదు. లోపలనే చిక్కుకొని యుండును. ద్వారము కలదు, ఆ చోట లేదు. దేహము దప్పితో అల్లాడుచునే యుండును.

నేను ఆ మధ్యాహ్నమున అట్లుంటిని. తాళపుచెవి కలదు, జాలి కూడ లోపల ఎక్కడనో కలదు; కాని ఉండవలసిన చోట, పిలుపు వచ్చిన క్షణమున, గేటు దగ్గర అది లేదు. ఆరాధనలో కన్నీరు కార్చిన జాలి గేటువద్దకు రాలేదు.

ఒక హెచ్చరిక కూడ చెప్పవలెను. ఈ మాంసకృత్తును ఒక భక్తునివలె పొగడుట నా ఉద్దేశము కాదు. దానికి మనస్సు లేదు. అది దయ చూపుటయు లేదు, నిరాకరించుటయు లేదు. తన సృష్టికర్త నియమించిన రీతిగా ఉన్నది, అంతే. దానికి స్తుతియు లేదు, నిందయు లేదు. మనము అట్టివారము కాము. తెరచుటకును మూయుటకును మనకు స్వేచ్ఛ ఇయ్యబడినది. అందుచేతనే మన తెరచుట ప్రేమయగును, మన మూయుట పాపము కాగలదు. ఆ ద్వారము తప్పు చేయజాలదు గనుక మారుమనస్సు పొందజాలదు. నేను తప్పితిని గనుక నాకు మారుమనస్సు అను ద్వారము తెరువబడియున్నది. ఈ ఒక్క విషయమున దానికంటె నేను ధన్యుడను.

తరువాత మేము ఏమి చేసితిమని మీరు అడుగవచ్చును. నేను పెద్దల కూటములో లేచి, ఆ ముసలమ్మతో నేను అబద్ధమాడితినని ఒప్పుకొంటిని. కొంతసేపు ఎవరును మాటలాడలేదు. పిమ్మట ఒక పెద్ద, చేద తాడు తాను కొనిపెట్టుదుననెను. యౌవనస్థులు బావి చుట్టును రాళ్లు పరచి, బురద నిలువకుండ నీరు పోవు దారి చేసిరి. ఉదయమున ఇంతసేపు, సాయంకాలమున ఇంతసేపు అని వేళలు పెట్టిరి. రోగులున్న ఇండ్లవారికి వేళ లేదు. పేటవారే వంతులు వేసికొని ఆవరణమును ఊడ్చిరి. మేము భయపడిన బురద పది రాళ్లతో తీరిపోయెను. ఆ రెండు కుటుంబముల పగ తీరుటకు మాత్రము చాలకాలము పట్టెను. అది ఇంకను పూర్తిగా తీరినదని చెప్పలేను. ఆ ముసలమ్మ ఇల్లు వెదకితిని గాని కనుగొనలేకపోయితిని. ఆ బిడ్డ ఏమాయెనో నాకు తెలియదు. దానిని నేను దేవుని యెదుట మోయుచున్నాను.

చదువరీ, ఈ పత్రికను మూసిన తరువాత నీవు ఒక గ్లాసెడు మంచినీళ్లు త్రాగుదువు. ఆ నీరు నీ నోటిని దాటి నీ నరనరమునకు చేరుటకు లెక్కలేనన్ని ద్వారములు నీవు అడుగకయే తెరచియుండును. నీవు అర్హుడవా యని అవి అడుగవు. ఆ గ్లాసు క్రింద పెట్టిన వెంటనే, నీ చేతిలో ఏ తాళపుచెవి యున్నదో చూచుకొనుము. అది బావిదే కానక్కరలేదు. పనిమనిషికి ఇయ్యవలసిన జీతము కావచ్చును, తమ్మునికి పంపవలసిన ఉత్తరము కావచ్చును, ఎదురింటివారితో మాటలాడని నోరు కావచ్చును. నా చేతిలో ఏమీ లేదని మాత్రము చెప్పకుము.

ప్రభువా, దప్పిగొని సమరయ స్త్రీని నీళ్లడిగినవాడా, మా గేట్ల యెదుట బిందెతో నిలిచినవారిలో నిన్ను మేము గుర్తింపలేదు. మమ్మును క్షమించుము. నీవు ప్రేమించువారికి మా హృదయములను తెరువుము. నీవు ద్వేషించు చెడుగునకు వాటిని మూయుము. ఏది ఎవరో, ఏది ఏదో తెలిసికొను వివేకము మాకు దయచేయుము. మా గొంతులలో చిక్కిన పగను తీసివేయుము. నీ జీవజలము మా యొద్ద నిలిచిపోక, మా గుండ దాటి, అక్కరయున్న వైపునకు పోవునట్లు చేయుము. ఆమేన్.